నేల గుణమే గొడుగు గుణం

తొలకరి పడగానే పుట్టగొడుగులు ఏరి తెచ్చి కూర వండుకోవడం మన సంగారెడ్డి, పటాన్‌చెరు పల్లెల్లో తరతరాల అలవాటు. ఇటీవల కొందరు గృహస్థులు బోలెటస్ అనే అరుదైన అడవి గొడుగు గురించి చదివి, “గొడుగు క్రింద రేకులకు బదులు స్పంజివలె సన్నని రంధ్రాలుంటే నిర్భయంగా తినవచ్చునా?” అని నన్ను అడుగుతున్నారు. తినరాదు. ఆ జాతిలోనూ విషపూరితమైనవి ఉన్నాయి. అంతకు మించి, అది మొలిచిన నేలను విచారించాలి.

ఇది క్రొత్త మాట కాదు. సుశ్రుతాచార్యులు గడ్డి, చెరకు, పేడ, వెదురు, నేల – వీటిపై మొలిచే గొడుగులకు వేరువేరు గుణాలు చెప్పారు. గడ్డిపై పుట్టినది దోషశమనమనీ, నేలపై పుట్టినది గురుగుణం కలదనీ, దాని అనురసం ఆ నేలను బట్టి ఉంటుందనీ వివరించారు.

ఆధునిక విజ్ఞానమూ ఇదే చెబుతున్నది. బోలెటస్ చెట్ల వేళ్లతో పెనవేసుకొని, మట్టిలోని లవణాలను పీల్చి చెట్టుకిచ్చి, బదులుగా చక్కెర పుచ్చుకుంటుంది. ఆ క్రమంలో కాడ్మియం, పాదరసం వంటి లోహాలనూ తనలో కూడబెట్టుకుంటుంది. 1986 నాటి చెర్నోబిల్ అణు ప్రమాదం తరువాత ఐరోపాలో కొన్ని బోలెటస్ జాతులు రేడియోధార్మిక సీసియంను అధికంగా నిలుపుకున్నాయి. నేల నుండి విషాలను గ్రహించే ఈ స్వభావం ఇతర గొడుగులలోనూ ఉన్నది.

మరి మన నేల సంగతేమిటి? ఏళ్ల తరబడి ఫ్యాక్టరీల వ్యర్థజలాలు నక్కవాగు గుండా మంజీరలో కలిశాయి. పటాన్‌చెరు మట్టిలో సీసం, క్రోమియం, ఆర్సెనిక్ ఉన్నట్లు హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ శాస్త్రజ్ఞులు 2001లో వెల్లడించారు. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పటాన్‌చెరు–బొల్లారంను తీవ్ర కలుషిత ప్రాంతాలలో చేర్చింది. లోహ విషం ఉడికించినంత మాత్రాన నశించదు. వెండి చెంచా నల్లబడకపోతే మంచిదే అనే పరీక్ష వట్టి భ్రమ.

కనుక గృహిణులకు నా మనవి. వాగు గట్లపై, ఫ్యాక్టరీల చుట్టూ మొలిచినవి ఏరవద్దు. శుభ్రమైన వరిగడ్డిపై పెంచినవి వాడుకోండి. అడవి గొడుగు తిన్న కొన్ని గంటలకు వాంతులు, విరేచనాలు మొదలైతే గృహవైద్యంతో కాలయాపన చేయక వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

పరిశ్రమలు వద్దని నేననను. వాటివల్ల వేల కుటుంబాలు బ్రతుకుతున్నాయి. కాని నిదాన పరివర్జనమే చికిత్సకు మొదటి మెట్టు. ప్రతి గ్రామంలో మట్టిని పరీక్షించి ఫలితాలను పంచాయతీ వద్ద ప్రకటించాలి. శుద్ధి ఖర్చు కలుషితం చేసినవారే భరించాలి. నేలకు వైద్యం చేయకుండా మనిషికి ఎన్ని కషాయాలిచ్చినా ఫలమేమి?