రీసేల్ కోసం దున్నుతామా?

మొన్న బంధువుల పెళ్లిలో రెండో బంతి భోజనాలు నడుస్తున్నాయి. పక్కనే కూర్చున్న మా మేనల్లుడు మినీ ట్రాక్టర్ తీసుకుందామనుకుంటున్నానని నెమ్మదిగా చెప్పాడు. వాడికి నాలుగెకరాలు సొంతం, మూడెకరాలు కౌలు. పత్తి, ఎకరంన్నర మిరప, బావి దగ్గర కొన్ని నిమ్మచెట్లు. ఎదుటి వరసలో ఉన్న పెద్దాయన చెవిన ఆ మాట పడింది. ఇప్పటికి నాలుగు ట్రాక్టర్లు మార్చిన మనిషి. "ఒరేయ్ అబ్బాయ్, మినీ బండి కూడా బండేనంట్రా? పిల్లకాయలు ఆడుకునేది. కొంటే నలభై అయిదు హెచ్‌పీ పైన కొను. అదీ అందరూ కొనే కంపెనీదే కొను. రేపు అమ్ముకుంటే రీసేల్ ఉంటది" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లంతా అవునవునన్నారు. వాడు తల వంచుకుని విస్తరిలోకి చూస్తూ ఉండిపోయాడు. నాకు పెరుగన్నం సహించలేదు.

ఈ రీసేల్ అన్న మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. పదిహేనేళ్లుగా వింటున్నాను. ఎరువుల కొట్టు అరుగు మీద అదే మాట, బ్యాంకులో అదే మాట, షోరూములో కుర్రాడి నోట అదే మాట. కొనకముందే అమ్మకం గురించి ఆలోచించే మనిషి చేను గురించి ఎప్పుడు ఆలోచిస్తాడు? బండి కొనేది ఎనిమిదేళ్లో పదేళ్లో దున్నడానికి. అమ్మేది ఒక్క పూట. ఆ ఒక్క పూట కోసం పదేళ్ల పనికి సరిపడని బండిని నెత్తిన పెట్టుకోమని చెప్పడం సలహా ఎలా అవుతుంది?

లెక్క వేయమంటే వేస్తాను. మినీ బండికీ నలభై అయిదు హెచ్‌పీ బండికీ తేడా రెండున్నర లక్షలనుకుందాం. ఆ రెండున్నర లక్షలూ అప్పే. పది శాతం వడ్డీకి ఏడాదికి పాతిక వేలు. కిస్తీలు కట్టేకొద్దీ అసలు తగ్గుతుంది కాబట్టి సగానికి సగం కొట్టేసినా, ఎనిమిదేళ్లలో లక్ష రూపాయలు వడ్డీకే పోయాయి. డీజిలు ఇంకా కలపలేదు. పెద్ద టైర్ల ఖరీదు కలపలేదు. రేపు సంతలో ఎవరో ఇస్తారన్న యాభై వేల కోసం ఇవాళ ఇంట్లోంచి లక్ష పోగొట్టుకోమంటున్నారు. ఆ పెద్దాయన నాలుగు బళ్లు మార్చాడు, నిజమే. మార్చిన ప్రతిసారీ ఆయన అప్పు ఎంత పెరిగిందో ఊరందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు.

మా నాన్న ఎద్దులు కొనే తీరు నాకు బాగా గుర్తు. సంతకు వెళ్తే మొదట గిట్టలు చూసేవాడు. నోరు తెరిచి పళ్లు చూసేవాడు. సుడులు చూసి బేరం ఆపేసేవాళ్లు కొందరుండేవారు, ఆయన మాత్రం సుడులు పట్టించుకోలేదు. అరక కట్టి నాలుగు సాళ్లు దున్నించందే బయానా ఇచ్చేవాడు కాదు. మెడ మీద కాడి పడగానే ఏ ఎద్దు ఎటు లాగుతుందో, సాలు మలుపులో ఏది తడబడుతుందో కళ్లారా చూసుకునేవాడు. ఇవాళ అయిదారు లక్షల బండి కొంటూ, మన చేలోకి తీసుకొచ్చి అరగంట తోలి చూపించమని అడిగేవాళ్లు నూటికి ఎందరున్నారు? షోరూము ముందు సిమెంటు నేల మీద ఒక చుట్టు తిప్పి, కొబ్బరికాయ కొట్టి, దండ వేసి ఇంటికి తెచ్చేస్తున్నాం. సుడులు చూసేవాళ్లు పోయి రంగులు చూసేవాళ్లు వచ్చారు.

రంగుల గురించి కూడా చెప్పాలి. మా ఊళ్లో ఎర్ర బండి వాళ్లు వేరు, నీలం బండి వాళ్లు వేరు. ఏ బండి గొప్పదన్న మాట మీద అన్నదమ్ములు కూడా పంతాలకు పోతారు. ఎవరి కోసం ఈ పంతాలు? స్వరాజ్ బళ్లు చేసే పంజాబ్ ట్రాక్టర్స్‌ను మహీంద్రా వాళ్లు 2007లోనే కొనేశారు. మహీంద్రా మేలా స్వరాజ్ మేలా అని మనం గొంతులు చించుకుంటుంటే రెండు డబ్బులూ ఒకే ఇంటికి చేరుతున్నాయి. ఐషర్ ట్రాక్టర్లు 2005లో టాఫే చేతికి వెళ్లాయి, మన దగ్గర మాసీ ఫెర్గూసన్ అమ్మేదీ ఆ టాఫేనే. ఫార్మ్‌ట్రాక్, పవర్‌ట్రాక్, కుబోటా మూడూ ఒకే గొడుగు కిందివి. జపాన్ కుబోటా పైచేయి సాధించాక 2022లో ఎస్కార్ట్స్ కంపెనీ పేరే ఎస్కార్ట్స్ కుబోటాగా మారింది. గోడల మీద పది పేర్లు కనిపిస్తాయి, యజమానులను లెక్కపెడితే అంతమంది ఉండరు. పోటీ మన మేలు కోసమేనని చెప్పేవాళ్లు ఈ సంగతి ఎందుకు చెప్పరు?

ఇక నా సొంత గోడు. ఆరేళ్ల కిందట ఇరవై నాలుగు హెచ్‌పీ ఫోర్ వీల్ డ్రైవ్ మినీ బండి తీసుకున్నాను. కంపెనీ పేరు ఇక్కడ రాయను. బండి మంచిదే, ఇప్పటికీ ఆ మాటే అంటాను. మూడో ఏడు జూలై చివర, పత్తి మోకాలెత్తున ఉన్నప్పుడు, ఒకరోజు పొద్దున్నే షెడ్డులోకి వెళ్తే ముందు కుడి టైరు లోపలి అంచు నల్లగా తడిసి ఉంది. కింద మట్టి అరచెయ్యంత మేర జిగటగా అయింది. మేస్త్రీ వచ్చి టైరు విప్పి, వేలితో తడిమి, "సీలు పోయిందండీ. ఆయిల్ లేకుండా తోలారంటే లోపల గేర్లు అరిగిపోతాయి" అన్నాడు. ఆ సీలు ఆడవాళ్ల గాజంత ఉంటుంది. నల్ల రబ్బరు చుట్ట, లోపల సన్నని స్ప్రింగు. నాలుగొందలకు మించి ఖరీదు చేయదు.

జిల్లా కేంద్రంలో డీలరు దగ్గరికి వెళ్లాను. అద్దాల గది, చల్లగా ఏసీ, మెరిసే బళ్లు మూడు. స్పేర్ల కౌంటరులో కుర్రాడు కంప్యూటరులో చూసి స్టాకు లేదన్నాడు. డిపోకు ఆర్డర్ పెడతాం, నాలుగు రోజుల్లో వస్తుందన్నాడు. వారం తర్వాత ఫోన్ చేస్తే లోడులో రాలేదన్నారు. పదో రోజున అసలు ఆర్డరే పెట్టలేదని బయటపడింది. మొత్తం పదిహేడు రోజులు! ఆ పదిహేడు రోజుల్లో రెండు మంచి వానలు పడ్డాయి. పైపాటు తోలాల్సిన అదను కళ్లముందే దాటిపోయింది. తుంగ, గరిక పత్తి మొక్కతో పోటీగా లేచాయి. చివరికి ఎకరానికి పన్నెండు మంది చొప్పున కూలీలను పెట్టి కలుపు తీయించాను. నాలుగొందల రబ్బరు ముక్క దొరకనందుకు నేను పెట్టిన ఖర్చు తలుచుకుంటే ఇప్పటికీ కడుపు రగులుతుంది. నాకు బండి అమ్మిన రోజున ఫొటో దిగిన మేనేజరు ఆ పదిహేడు రోజుల్లో ఒక్కసారి కూడా ఫోన్ ఎత్తలేదు.

ఇది చెబితే పెద్దాయన లాంటివాళ్లు, అందుకే అందరూ కొనే కంపెనీది కొనమన్నాం అంటారు. పప్పులో కాలేసేది అక్కడే. అందరూ కొనే కంపెనీ పెద్ద బండికి స్పేర్లు మండలంలో ప్రతి కొట్టులోనూ దొరుకుతాయి. అదే కంపెనీ మినీ బండి సీలు అడగండి, మొహమొహాలు చూసుకుంటారు. ఊళ్లో చెలామణీ అయ్యేది మోడల్, కంపెనీ పేరు కాదు. మా చుట్టుపక్కల పెద్ద బళ్లు బాగుచేసే మేస్త్రీలు అయిదారుగురు ఉన్నారు. మినీ ఫోర్ వీల్ బండి ముందు యాక్సిల్ విప్పి తిరిగి బిగించగలిగినవాడు ఒక్కడే. కొనేముందు వాకబు చేయాల్సింది ఆ ఒక్కడి గురించి. వాడు ఏ ఊళ్లో ఉంటాడు, ఏ మోడల్ మీద చెయ్యి తిరిగినవాడు, వాడి షెడ్డులో ఏ స్పేర్లు వేలాడుతున్నాయి అన్నదే అసలు బ్రాండు.

మినీ బండిని బొమ్మ అనేవాళ్లకు రెండు సంగతులు. మన దేశంలో మన ఇంజనీర్లే గీసి తయారుచేసిన ట్రాక్టర్ స్వరాజ్ 724. దుర్గాపూర్‌లోని కేంద్ర మెకానికల్ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థలో పుట్టిన నమూనా అది, 1974లో బయటికి వచ్చింది. దాని బలం పాతిక హెచ్‌పీ చుట్టుపక్కలే. మన రైతు కమతం చూసి, మన నేల చూసి వాళ్లు చిన్న బండి దగ్గర మొదలుపెట్టారు. ఇవాళ తెలంగాణ జహీరాబాద్‌లో మహీంద్రా ఫ్యాక్టరీ ఉంది. ఓజా అనే చిన్న బళ్లను జపాన్ మిత్సుబిషి ఇంజనీర్లతో కలిసి తయారుచేసి, 2023 ఆగస్టు 15న కేప్‌టౌన్‌లో విడుదల చేశారు. అమెరికా, జపాన్ రైతులను కూడా దృష్టిలో పెట్టుకుని చేసిన బళ్లవి, తయారయ్యేది మన జహీరాబాద్‌లో. వందల ఎకరాలున్న అమెరికావాళ్లు కూడా చిన్న బండిని పనిముట్టుగా చూస్తున్నారు. నాలుగెకరాల మన రైతుకు అది నామోషీ అయింది!

2015-16 వ్యవసాయ గణన ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో సగటు కమతం 0.94 హెక్టారు, తెలంగాణలో ఒక హెక్టారు. అంటే రెండున్నర ఎకరాలు అటూ ఇటూ. ఈ కమతాల్లో పెద్ద బండి వెనక్కి తిరగడానికే గట్టు పక్కన నాలుగు సాళ్లు నలిగిపోతాయి. నాలుగడుగుల అచ్చు తోలిన పత్తి చేలో అయిదున్నర అడుగుల వెడల్పు బండి ఎలా నడుస్తుంది? మొక్క మొలిచిన రోజు నుంచి ఆ పెద్ద బండికి చేలో పని లేదు, షెడ్డులో పడుంటుంది. కిస్తీ మాత్రం ఆగదు. మినీ బండి మూడడుగుల చిల్లర వెడల్పుతో సాలు మధ్యలోంచి వెళ్లిపోతుంది. పైపాట్లు, మందు కొట్టడం, నిమ్మకొమ్మల కింద రోటవేటర్ అన్నీ దాంతోనే. పంట ఉన్న నాలుగైదు నెలలూ పనిచేసే బండి మేలా, దుక్కి రోజుల్లో పనిచేసి కూర్చునే బండి మేలా? నల్లరేగడిలో లోతు దుక్కికీ, మిరప టిక్కీలు యార్డుకు తోలడానికీ పెద్ద బండి కావాలి, ఒప్పుకుంటాను. ఆ నాలుగు రోజులకూ కిరాయికి పిలుచుకుంటే సరిపోతుంది.

2025 సెప్టెంబర్ 22న ట్రాక్టర్ల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. మంచి పనే. మరుసటి రోజు నుంచే షోరూముల్లో, మిగిలిన డబ్బుతో ఇంకో మెట్టు పైబండి తీసుకోండన్న పాట మొదలైంది. రైతు చేతిలో నాలుగు రూపాయలు మిగిలితే అవి రైతు దగ్గరే ఉండకూడదా? టైర్లు, విడిభాగాల మీద పన్ను కూడా 18 నుంచి 5కి దిగింది. ఆ సంగతి మాత్రం ఏ బోర్డు మీదా పెద్ద అక్షరాలతో కనిపించలేదు.

హెచ్‌పీ మోసం ఇంకొకటి. కరపత్రం మీద వేసేది ఇంజన్ బలం. రోటవేటర్ తిప్పేది పీటీవో బలం, అది ఎప్పుడూ తక్కువే. ఎంత తక్కువో, లిఫ్టు ఎంత బరువు ఎత్తుతుందో, గంటకు ఎంత డీజిలు తాగుతుందో మధ్యప్రదేశ్‌లోని బుద్నీ కేంద్రంలో పరీక్షించి రిపోర్టు ఇస్తారు. ఆ రిపోర్టు చూపించమని అడిగితే సేల్స్ కుర్రాడు నన్ను వింతగా చూశాడు. వాడి తప్పేం లేదు, అంతవరకూ అడిగిన రైతు లేడు. మన అనంతపురం జిల్లా గార్లదిన్నెలోనూ కేంద్ర ప్రభుత్వ యంత్రాల శిక్షణ, పరీక్షా కేంద్రం ఉంది. పక్క మండలాల రైతుల్లోనే దాని గడప తొక్కనివాళ్లు ఉన్నారు.

మరి ఏం చేయాలంటారా? రిపోర్టుల సారాంశం తెలుగులో రాసి రైతు సేవా కేంద్రాల గోడకు అంటించాలి. బండి అమ్మే ప్రతి డీలరు ఆ మోడల్ సీళ్లు, ఫిల్టర్లు, క్లచ్ ప్లేట్లు సీజన్లో స్టాకు పెట్టి తీరాలని షరతు ఉండాలి. స్టాకు లేక బండి ఆగితే రోజుకింత చొప్పున రైతుకు కట్టాలి. ఎవరు కట్టిస్తారు, ఎలా కట్టిస్తారన్నది పెద్దలు కూర్చుని తేల్చాలి. ఊరికి ఇద్దరు కుర్రాళ్లకు మినీ బళ్ల పని నేర్పించినా ఈ గోడు సగం తీరుతుంది.

మేనల్లుడు నిన్న రాత్రి ఫోన్ చేశాడు. "మావయ్యా, అందరూ పెద్ద బండే అంటున్నారు, అమ్మ కూడా అంటోంది" అన్నాడు. ఎవరి మాటా వినొద్దు, నా మాట కూడా వినొద్దన్నాను. రేపు తెల్లారగానే ఇద్దరం టేపు పట్టుకుని వాడి చేలోకి వెళ్తున్నాం. అచ్చు వెడల్పు, గట్టు దగ్గర మలుపు, నిమ్మకొమ్మల ఎత్తు కొలిచి కాగితం మీద రాసుకుంటాం. అక్కణ్నుంచి మేస్త్రీ షెడ్డుకి. షోరూముకు ఎల్లుండి.