గుండె ఆపేది బిడ్డను నిలపడానికే

గల్ఫ్‌లోని మన క్యాంపులకు ఇంటి నుంచి వచ్చే ఫోన్లలో కొన్ని మనిషిని నిలబడనివ్వవు. 'పిల్లాడి గుండెలో రంధ్రం ఉందట, ఆపరేషన్ చేయాలట, గుండె ఆపేస్తారట' అన్న ఫోను అలాంటిదే. గుండె ఆపేస్తారన్న మాట వినగానే ఇంటిల్లిపాదికీ కాళ్లూ చేతులూ ఆడవు. 'కాస్త పెద్దయ్యాక చూద్దాంలే' అని వాయిదా వేస్తారు. ఆ వాయిదా ఎంత చేటో చెప్పడానికే ఈ నాలుగు మాటలు. మేము డాక్టర్లం కాము, సైట్లో పని చేయించేవాళ్లం. అయినా ఇందులో చాలా సంగతులు మన పనివాళ్లకు ఇట్టే అర్థమయ్యేవే.

చిన్న రంధ్రాలు కొన్ని వాటంతటవే పూడిపోతాయి. ఆ మాట డాక్టరు చెప్పాలి, మనం కాదు. పెద్ద రంధ్రాన్ని వదిలేస్తే మాత్రం ఊపిరితిత్తుల రక్తనాళాలు గట్టిపడతాయి. అది ముదిరితే ఆపరేషన్ చేయడానికే వీలుండదు.

మెయిన్ లైన్ రిపేరు చేయాలంటే ముందు బైపాస్ లైన్ వేస్తాం కదా. ఇక్కడా అంతే. ఒంట్లోంచి వచ్చే రక్తాన్ని మెషీన్లోకి తీసుకుని, ఆక్సిజన్ ఎక్కించి, పంపుతో తిరిగి ఒంట్లోకి పంపుతారు. 1953లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో డాక్టర్ జాన్ గిబ్బన్ ఇలాంటి మెషీన్‌తో మొదటి విజయం సాధించారు. మరుసటి ఏడాది మిన్నెసోటాలో డాక్టర్ లిల్లెహై మెషీన్ లేకుండానే, ఎక్కువగా కన్నవాళ్లనే పక్క బల్ల మీద పడుకోబెట్టి, వాళ్ల గుండెతోనే బిడ్డ ఒంట్లో రక్తం నడిపించారు. అలా 45 మందికి చేస్తే 28 మంది బతికి ఇంటికి వెళ్లారు. ఆనాటి తల్లిదండ్రుల తెగువ వల్లే ఈ వైద్యం ఇంతదూరం వచ్చింది.

మెషీన్‌తో చిక్కులు లేకపోలేదు. అయిదు కిలోల బిడ్డ ఒంట్లో ఉండేది సుమారు 400 మిల్లీలీటర్ల రక్తమే. గొట్టాలు నింపిన ద్రవం కలిస్తే అది పలచబడుతుంది. గొట్టాలకు తగిలిన రక్తం వల్ల ఒళ్లంతా వాపు రావచ్చు. అందుకే పిల్లలకు చిన్న గొట్టాలు వాడతారు, అవసరమైతే దాతల రక్తం కలుపుతారు, ఎక్కువైన నీటిని ఫిల్టరుతో తీసేస్తారు.

ఒక్కో అవయవానికీ ఒక్కో కాపలా ఉంటుంది. ఎండాకాలంలో ఇక్కడ కాంక్రీటు త్వరగా బిగుసుకోకుండా ఐసు కలుపుతాం. చల్లబడితే ఏ పనైనా నెమ్మదిస్తుంది. ఒంటిని చల్లబరిస్తే మెదడుకు, మూత్రపిండాలకు ఆక్సిజన్ తక్కువ సరిపోతుంది. మరీ క్లిష్టమైన ఆపరేషన్లలో 18 డిగ్రీల దాకా కూడా దించుతారు. గుండెకు పొటాషియం కలిపిన మందు ఇచ్చి నిద్రపుచ్చుతారు. కొట్టుకోని గుండెకు ఖర్చు తక్కువ, కాబట్టి దెబ్బ తినే ప్రమాదం తగ్గుతుంది. చాలాచోట్ల నుదుటికి అంటించిన పట్టీ మెదడులో ఆక్సిజన్ ఎంతుందో చూపిస్తూ ఉంటుంది. ఆపరేషన్ తర్వాత మూత్రం గంటగంటకూ కొలుస్తారు. తగ్గితే కడుపులో చిన్న గొట్టం పెట్టి డయాలసిస్ చేస్తారు. ఇంత చేసినా ప్రమాదం సున్నా అని ఏ డాక్టరూ అనడు. అడగాల్సినవి అడగడం మన వంతు.

గుండె ఎంతసేపు ఆపుతారు? మెదడును ఎలా గమనిస్తారు? మూత్రపిండాలు మందగిస్తే డయాలసిస్ ఉందా? పిల్లలకంటూ వేరే ఐసీయూ ఉందా? ఏడాదికి ఇలాంటి ఆపరేషన్లు ఎన్ని చేస్తారు? ఇవి అడిగితే మంచి డాక్టరు కోపగించుకోడు.

ఇంకో ముఖ్యమైన మాట. నాన్న సెలవు నెల రోజులే, టికెట్ తేదీ దాటకూడదని బిడ్డకు వచ్చిన జ్వరం, దగ్గు దాచిపెట్టొద్దు. జబ్బుపడ్డ ఊపిరితిత్తులు మెషీన్ దెబ్బకు తట్టుకోవడం కష్టం. టికెట్ మళ్లీ కొనుక్కోవచ్చు.

డబ్బు భయంతో వడ్డీకి పరుగెత్తేముందు సర్కారు పథకం చూడండి. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ కింద తెలంగాణలో పరిమితిని 2023 డిసెంబరులో 10 లక్షలకు పెంచారు. ఆంధ్రాలో 2024 నుంచి అది మళ్లీ ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో నడుస్తోంది. కార్డులో బిడ్డ పేరు ఉందో లేదో ఇవాళే ఇంటివాళ్లను చూడమనండి. పుట్టపర్తిలో 1991 నుంచి ఉచితంగా గుండె ఆపరేషన్లు చేస్తున్న ఆస్పత్రి ఉంది. తిరుపతిలో 2021లో టీటీడీ పిల్లల కోసమే గుండె ఆస్పత్రి తెరిచింది.

అన్నలారా, తమ్ముళ్లారా! సంతకం పెట్టే చోట ఆ తల్లిని ఒంటరిగా వదలొద్దు. రాలేకపోతే ఫోన్లోనైనా డాక్టరుతో మాట్లాడండి. ఊళ్లో నలుగురిని రక్తం ఇవ్వడానికి పంపించండి. ఆపరేషన్ థియేటర్లో బిడ్డ గుండెను కాసేపు ఆపడానికి డాక్టర్లు జంకడం లేదు. మన భయంతో దాన్ని శాశ్వతంగా ఆపుకోవద్దు.