ఆ చిన్న ‘బి’ని మింగేయొద్దు!

సర్వర్ ఆగింది. లైన్‌లో క్లయింట్ ఉన్నారు. మీరు ‘ఇట్ మే రీస్టార్ట్’ అన్నారనుకోండి. ‘ఇకముందు రీస్టార్ట్ కావొచ్చు’ అని వాళ్లకు అర్థమవుతుంది. మీ ఉద్దేశం ‘ఇప్పుడు రీస్టార్ట్ అవుతుండొచ్చు’ అని అయితే ‘ఇట్ మే బి రీస్టార్టింగ్’ అనాలి. తేడా ఒక్క ‘బి’, ఒక్క ‘ఇంగ్’. కానీ ఆ కాల్‌లో అదే ముఖ్యం.

మనలో చాలామందికి ఇంగ్లిష్ గ్రామర్ అంటే 12 టెన్సుల పట్టిక బట్టీ పట్టడమే. ఆఫీసులో రోజూ పనికొచ్చే ఈ రూపం మాత్రం వెనకబడిపోతుంది. నిజానికి ఇది మనకు కొత్తేం కాదు. ‘వస్తుండొచ్చు’ అంటే ‘మైట్ బి కమింగ్’. ‘ఈపాటికి వస్తూ ఉండాలి’ అంటే ‘మస్ట్ బి కమింగ్’. మన ‘ఉండు’ చేసే పనే అక్కడ ‘బి’ చేస్తుంది. మే, మైట్, మస్ట్ లాంటి మోడల్ వెర్బ్‌ల తర్వాత అది ‘ఈజ్’, ‘ఆర్’గా మారదు. ‘హి’ అయినా, ‘దే’ అయినా ‘బి’నే.

‘షుడ్’తో మాత్రం జాగ్రత్త. ‘యు షుడ్ టెస్ట్ ఇట్’ అంటే సలహా. ‘యు షుడ్ బి టెస్టింగ్ ఇట్’ అంటే ‘ఈపాటికి టెస్ట్ చేస్తూ ఉండాల్సింది, చేయట్లేదేం?’ అన్న దెప్పుడు వినిపించొచ్చు. టీమ్ లీడ్‌కి ఈ మెసేజ్ పెట్టారో, ఇక చూసుకోండి!

అందుకే రేపటి మీటింగ్‌లో చెప్పాల్సిన మాటను ముందు తెలుగులో అనుకోండి. అందులో ‘తుండొచ్చు’, ‘తూ ఉండాలి’ వినిపించాయా? ఇంగ్లిష్‌లో ‘బి’, ‘ఇంగ్’ రెండూ పడాల్సిందే.