ఎక్కడి కిలో?

గుల్‌మార్గ్ వెళ్ళొచ్చిన తెలుగు యాత్రికులు ఎక్కిన మంచుబండి వేరు, అమెరికా పడమటి కొండల్లో తిరిగే మంచుబండి వేరు. గుల్‌మార్గ్‌లో నడిపేవాడి వెనక కూర్చుని చదును మంచు మీద ఒక చుట్టు తిరిగొస్తాం. కొలరాడో, యూటా, ఐడహోల్లోనూ కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలోనూ కొండలెక్కే స్నోమొబైల్ ఒక్క మనిషి కోసం చేసిన యంత్రం. ముందు రెండు స్కీలు, వెనక పదిహేను పదహారు అంగుళాల వెడల్పుతో పొడవాటి రబ్బరు ట్రాకు, ఆ ట్రాకు మీద రెండున్నర మూడు అంగుళాల పళ్ళు, ముక్కు కింద టూ-స్ట్రోక్ ఇంజను. నడుము లోతు పొడి మంచులో నిలబడి, బండిని ఒక పక్కకు ఒరగబెట్టి, వాలుకు అడ్డంగా నడుపుతారు. ఈ ఆటకు బరువే మొదటి శత్రువని అక్కడివాళ్ళ గట్టి నమ్మకం. ఆ నమ్మకం చుట్టూ ఒక వ్యాపారమే అల్లుకుంది. తేలికపాటి సైలెన్సర్లు, కార్బన్ ఫైబర్ మూతలు, లిథియం బ్యాటరీలు, పల్చటి సీట్లు, సన్నటి బంపర్లు, ఆఖరికి టైటానియం బోల్టులు. ప్రతి సరుకు పక్కనా రెండే అంకెలుంటాయి. ఎన్ని కిలోలు తగ్గుతుంది, ఎన్ని డాలర్లు అవుతుంది. ఈ రెండంకెల లెక్క కొనేవాణ్ణి తప్పుదారి పట్టిస్తుందని నా వాదన. బండి మీద ఒక కిలో విలువ, ఇంకో కిలో విలువ ఒకటి కాదు. ఆ కిలో ఎక్కడ కూర్చుంది, అక్కడ ఏం పని చేస్తోంది అన్నది చూడకుండా దానికి ధర కట్టలేం.

చిక్కు కంపెనీ చెప్పే అంకెతోనే మొదలవుతుంది. పొలారిస్ 2011 మోడల్‌గా ప్రో ఆర్‌ఎంకే 800 అనే కొండబండిని తెచ్చినప్పుడు, 155 అంగుళాల ట్రాకుతో దాని బరువు 431 పౌండ్లని ప్రకటించింది. మన లెక్కలో దాదాపు 195 కిలోలు. చట్రాన్ని జిగురుతో అతికించి, పై నిర్మాణంలో కార్బన్ ఫైబర్ వాడి సాధించిన అంకె అది. ఇంజనీర్ల పనితనానికి వంక పెట్టేదేమీ లేదు. అయితే అది పొడి బరువు, అంటే పెట్రోలు, ఆయిలు, కూలెంటు పోయకముందు తూచిన బరువు. అలాంటి బండిని ఎవరూ ఏ కొండా ఎక్కించలేరు. మన దగ్గర నూటపాతిక సీసీ మోటారుసైకిల్ కొనేవాడికి కూడా బ్రోచర్లో కెర్బ్ వెయిట్ కనబడుతుంది. పదిహేను ఇరవై వేల డాలర్లు పోసి స్నోమొబైల్ కొనేవాడికి మాత్రం పొడి బరువే చూపిస్తారు. నలభై లీటర్ల పెట్రోలు ముప్పై కిలోలు తూగుతుంది. ఆయిలూ కూలెంటూ కలిపి ఇంకొన్ని కిలోలు. హెల్మెట్టు, బూట్లు, వీపుసంచితో మనిషి వంద కిలోలనుకుందాం. మొత్తం 330 కిలోల దగ్గర తేలుతుంది. కొన్ని వేల డాలర్లు పెట్టి పది కిలోలు తగ్గిస్తే తగ్గేది నూటికి మూడు వంతులు. రన్నింగ్ బోర్డుల మీద, ట్రాకు సందుల్లో పేరుకుని గడ్డకట్టే మంచు ఒక్కోరోజు ఇంతకన్నా ఎక్కువే తూగుతుంది.

ఇంజను వైపు నుంచి చూస్తే ఈ మూడు వంతులు ఇంకా చిన్నవవుతాయి. ఎత్తుకు వెళ్ళేకొద్దీ గాలి పలచబడి, మామూలు ఇంజను ప్రతి వెయ్యి అడుగులకు దాదాపు నూటికి మూడు వంతుల శక్తి పోగొట్టుకుంటుంది. పది కిలోల తగ్గింపుతో శక్తికీ బరువుకూ మధ్య నిష్పత్తిలో దక్కేది వెయ్యి అడుగులు కిందికి దిగితే దక్కేదానితో సమానం. పదివేల అడుగుల ఎత్తున పోయే నూటికి ముప్పై వంతుల శక్తిని బరువు తగ్గించి రాబట్టాలంటే వంద కిలోలు తీసేయాలి. బండిలో సగం ఊడబీకాల్సిందే. తయారీదారులకు ఇది తెలియనిది కాదు. స్కీ-డూ 2020 మోడల్‌గా తెచ్చిన సమ్మిట్ 850 ఈ-టెక్ టర్బో, ఫ్యాక్టరీ నుంచి టర్బోతో వచ్చిన మొదటి టూ-స్ట్రోక్ స్నోమొబైల్. ఎనిమిది వేల అడుగుల దాకా 165 హార్స్‌పవర్ నిలుపుతుంది. రెండేళ్ళకు పొలారిస్ కూడా ఆ దారే పట్టింది. టర్బో అంటే అదనపు గొట్టాలు, అదనపు బరువు. అయినా బరువు గురించి గంటలకొద్దీ వాదించుకునే ఆ మనుషులే ఆ బండ్ల కోసం ఎగబడ్డారు. ఎక్కే శక్తి కావాలంటే కిలోలు తీయడం ఖరీదైన, నిదానమైన మార్గమని వాళ్ళ జేబులకు అర్థమైనట్టే ఉంది.

అలాగని బరువు తగ్గించడం వృథా అనబోవడం లేదు. బండి తేలికగా తిరుగుతోంది, మాట వింటోంది అని నడిపేవాళ్ళు చెప్పేది భ్రమ కాదు. కాకపోతే ఆ అనుభూతి మొత్తం కిలోల నుంచి రాదు. దీనికి రుజువు ఏ రోజైనా పెట్రోలు ట్యాంకులోనే దొరుకుతుంది. పొద్దున నిండు ట్యాంకుతో బయల్దేరితే మధ్యాహ్నానికి సగం ఖాళీ అవుతుంది. పదిహేను కిలోలు పైసా ఖర్చు లేకుండా తగ్గాయి. ఖరీదైన విడిభాగాల జాబితా మొత్తం తగ్గించగలిగేది ఇంచుమించు అంతే. అయినా భోజనం తర్వాత బండి కొత్తదైపోయిందని ఎవరూ పొంగిపోరు. ట్యాంకు సీటు ముందర, బండి గరిమనాభికి దగ్గరగా ఉంటుంది. అక్కడి బరువు బండిని తిప్పేటప్పుడు పెద్దగా ఎదురు తిరగదు. తిరిగే వస్తువు చూపే జడత్వం దూరానికి వర్గంగా పెరుగుతుందని మనం ఇంటర్మీడియట్ ఫిజిక్సులోనే చదువుకున్నాం. నాభికి పావు మీటరు దూరంలో ఉన్న కిలో కంటే మీటరు దూరంలో ఉన్న కిలో తిప్పేవాణ్ణి పదహారు రెట్లు సతాయిస్తుంది. అందుకే ముందు బంపరు నుంచో, స్కీల నుంచో తీసిన కిలో చేతులకు తెలుస్తుంది. సీటు కింద నుంచి తీసిన కిలో బిల్లులోనే తెలుస్తుంది.

ట్రాకు సంగతి మరీ ప్రత్యేకం. బండి ముందుకు పోతున్నప్పుడు నేలను పట్టుకున్న ట్రాకు భాగం కదలకుండా ఉంటుంది, పైభాగం బండికి రెట్టింపు వేగంతో పరుగెడుతుంది. ఈ రెండింటి గతిశక్తినీ కలిపి లెక్కిస్తే ట్రాకులో ఒక కిలోను వేగానికి తేవడమంటే చట్రంలో రెండు కిలోలను తేవడంతో సమానం. లోతు మంచులో ట్రాకు జారుతూ తిరిగేటప్పుడు ఈ తేడా ఇంకా పెరుగుతుంది. కంపెనీలు పట్టాలోని గుడ్డ పొరలు తగ్గించి తేలికపాటి ట్రాకులు చేస్తున్నాయి. ఆర్కిటిక్ క్యాట్ 2019 మోడల్‌గా తెచ్చిన ఆల్ఫా వన్ అనే బండిలో ట్రాకు లోపలి సస్పెన్షన్‌లో రెండు పట్టీలకు బదులు ఒకే దూలం పెట్టింది. తూకం అంకె కోసమే అయితే ఇంత తల బద్దలుకొట్టుకోనక్కర్లేదు. ఒరగబెట్టినప్పుడు బండి సులువుగా ఒరగాలని కూడా చేసిన పని అది.

ఈ కొలబద్దతో బజారులోని సరుకును చూస్తే కొన్ని నిలబడతాయి, చాలా పడిపోతాయి. షాక్ అబ్జార్బర్ల ఉక్కు స్ప్రింగులకు బదులు టైటానియంవి వేయడం నిలబడే ఖర్చు. టైటానియం సాంద్రత ఉక్కులో సగం కన్నా కాస్త ఎక్కువ. పైగా ఎక్కువ వంగే గుణం ఉంది కాబట్టి తక్కువ చుట్లతో అదే పని చేస్తుంది. గాలి షాకులైతే స్ప్రింగే ఉండదు. వాటికో బలహీనత ఉంది. పదిహేను డిగ్రీల వెచ్చటి షెడ్డులో గాలి కొట్టి మైనస్ ఇరవైలోకి తీసుకెళ్తే లోపలి పీడనం దాదాపు ఎనిమిదో వంతు పడిపోతుంది. కొండ దగ్గరికి చేరాక సరిచూసుకునేవాడికి ఇది సమస్య కాదు. లిథియం బ్యాటరీ సీసం బ్యాటరీ కన్నా కొన్ని కిలోలు తేలికే గానీ గడ్డకట్టే చలిలో అది మందగిస్తుంది. లాగే తాడు ఉన్న బండికైతే ఫరవాలేదు. కార్బన్ ఫైబర్ మూత చూడ్డానికి బాగుంటుంది, ఒక చెట్టుకొమ్మ తగిలేదాకా. టైటానియం బోల్టుల గురించి మాట్లాడి స్థలం వృథా చేయను. ట్రాకు లోపలి చిన్న చక్రాలు తీసేయడం మాత్రం మంచి పాఠం. లోతు మంచులో వాటి అవసరం తక్కువ, కాబట్టి తీసేస్తే లాభమే అనిపిస్తుంది. కానీ కొండ దాకా వెళ్ళే దారి తొక్కుడు మంచుతో గట్టిగా ఉంటుంది. ఆ దారిలో ట్రాకు జారే ప్లాస్టిక్ పట్టీలను చల్లబరిచేది ఎగిరిపడే మంచు పొడే. అది తగినంత లేనప్పుడు భారం మోసేవి ఆ చక్రాలు. వాటిని పీకేసినవాడి పట్టీలు కొండ మొదట్లోనే వేడెక్కి అరిగిపోతాయి.

ఇక సైలెన్సరు. మార్పులన్నిట్లో ఎక్కువమంది ముందుగా చేసేది ఇదే. ఒప్పుకోవాల్సిందేమిటంటే, నా కొలబద్ద ప్రకారం కూడా దీనికి మంచి మార్కులే పడాలి. ముందు భాగంలో, ఒక పక్కన ఉండే బరువు. మూడు నాలుగు కిలోలు తగ్గితే తేడా తెలుస్తుంది. అందుకే కొలబద్దలోని రెండో సగం ఇక్కడ అవసరమవుతుంది. ఆ కిలో ఏం పని చేస్తోంది? టూ-స్ట్రోక్ ఇంజనులో పొగగొట్టం కేవలం పొగ వదిలేది కాదు. దాని ఉబ్బు ఆకారం నుంచి వెనక్కొచ్చే పీడన తరంగం, బయటికి జారబోయే తాజా మిశ్రమాన్ని సిలిండరులోకి తిరిగి నెడుతుంది. చివరనున్న సైలెన్సరు నిరోధం కూడా ఆ లెక్కలో భాగమే. దాన్ని మార్చి ఇంధనం సంగతి పట్టించుకోకపోతే మిశ్రమం పలచబడి పిస్టన్ కాలే ప్రమాదం ఉంది. వారంటీ మాట అటుంచండి. దానికన్నా పెద్ద ఖర్చు శబ్దం, అది కొన్నవాడొక్కడే కట్టే ఖర్చు కాదు. 1975 నుంచి తయారై ధ్రువీకరణ పొందిన స్నోమొబైళ్ళు పూర్తి థ్రాటిల్‌లో యాభై అడుగుల దూరాన 78 డెసిబెల్స్ దాటకూడదు. తీసేసిన ఆ మూడు కిలోలు ఆ మాట నిలబెట్టడానికి పెట్టినవి. కొండ మీద వినేదెవరు అంటారు. బండ్లు కొండ మీద పుట్టవు, కింద ఊళ్ళ అంచు నుంచే ఎక్కుతాయి. అమెరికా అటవీశాఖ 2015లో తెచ్చిన నిబంధన ప్రకారం మంచు తగినంత పడే జాతీయ అడవుల్లో ఏ ప్రాంతాల్లో, ఏ దారుల్లో ఈ బండ్లు తిరగవచ్చో గుర్తించి ప్రకటించాలి. ఆ గుర్తింపు జరిగేటప్పుడు స్కీయింగ్ చేసేవాళ్ళూ చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళూ ముందుగా చెప్పే ఫిర్యాదు మోతే. మన నగరాల్లో బుల్లెట్ బండ్ల సైలెన్సర్లను పోలీసులు రోడ్డు రోలరు కింద నలిపిన వార్తలు చూసినవాళ్ళకు ఈ కథ కొత్తగా ఉండదు. శబ్దం పెంచకుండా బరువు తగ్గించే సైలెన్సర్లు లేకపోలేదు. అవి కొనేవాడితో నాకు పేచీ లేదు.

నా వాదనకు గట్టి అభ్యంతరం ఒకటుంది. మంచులో కూరుకుపోయిన బండిని లాగేవాడికి జడత్వం, వర్గం, నాభి ఏవీ గుర్తురావు. ఎత్తాల్సిన బరువే గుర్తొస్తుంది. పైగా యాభై అయిదు కిలోల మహిళకు ఇది మరీ నిజం. తొంభై కిలోల మగవాడు తన ఒంటి బరువుతో ఒరగబెట్టే బండిని ఆమె ఒడుపుతో ఒరగబెట్టాలి. అలాంటివారికి పది కిలోలు నా లెక్కలోని మూడు వంతుల కన్నా ఎక్కువే, ఒప్పుకుంటాను. అయినా కూరుకుపోయిన బండిని ఎవరూ మొత్తంగా పైకెత్తరు. మంచు తవ్వి, వెనక బంపరు పట్టుకుని పక్కకు లాగుతారు, లేదంటే స్కీలు పట్టుకుని వాలు వైపు తిప్పుతారు. అప్పుడు కూడా చేతికి తగిలేది చివరల బరువే. తేలికదనం నిజంగా అవసరమైన మనిషికి పొట్టి ట్రాకు, చిన్న ఇంజను ఉన్న బండి కొనడం పెద్ద బండిని చెక్కి చెక్కి చిన్నది చేయడం కన్నా చవక. ఇక మెకానిక్కులు వేసే పాత జోకు ఒకటి, ముందు నీ పొట్ట తగ్గించుకో అని. అది సగమే సరైనది. మంచులో దిగబడేటప్పుడు మనిషి కిలో, బండి కిలో ఒక్కటే. కానీ మనిషి బరువు తన చెప్పుచేతల్లో ఉంటుంది. అటూ ఇటూ జరిపి బండిని తిప్పడానికి వాడుకునే సాధనం అది. బండి బరువుకు ఆ వీలు లేదు.

తగ్గించకూడని కిలోలు మనిషి ఒంటి మీదే ఉన్నాయి. హిమపాతంలో కూరుకుపోయినవాడి ఆచూకీ చెప్పే ట్రాన్స్‌సీవరు, మంచులో గుచ్చి చూసే పొడవాటి కడ్డీ, పార, గాలిసంచి. అన్నీ కలిపి అయిదారు కిలోలు. పది పదిహేను నిమిషాలు దాటితే కూరుకుపోయినవాడు బతికే అవకాశం వేగంగా పడిపోతుంది. అంత త్వరగా తవ్వి తీయగలిగేది పక్కనున్న తోటివాళ్ళే. గ్రాముల పిచ్చి పట్టినవాడు బండి మీద సరుకంతా అయ్యాక సంచిలోని పార కేసి చూడటం మొదలుపెడతాడు. బొమ్మలాంటి ప్లాస్టిక్ పార తేలికే. కానీ జారి ఆగిన మంచు సిమెంటులా బిగుసుకుంటుంది, దాన్ని తవ్వడానికి లోహపు పారే కావాలి.

కంపెనీలు ఇంధనంతో కలిపిన బరువును, అందులో స్కీల మీద ఎంత, ట్రాకు మీద ఎంత పడుతుందో విడదీసి ముద్రించాలి. ఇంధనంతో కలిపిన బరువు చెప్పడం మోటారుసైకిళ్ళ విషయంలో కొత్త సంగతి కాదు. విడిభాగాలు అమ్మేవాళ్ళు కిలోల పక్కన డెసిబెల్స్ కూడా చెప్పాలి, ఇంధనం సర్దుబాటు అవసరమో కాదో చెప్పాలి. ఈలోగా కొనేవాడి చేతిలో ఒక్క మార్పుకు సరిపడా డబ్బే ఉంటే అది ముందు షాకుల మీద పెట్టడం మేలు. బరువు తగ్గేది కొంచెమే అయినా, ఆ కొంచెం ముందరి చివర తగ్గుతుంది, నడక కూడా బాగుపడుతుంది, పక్కవాడి చెవికి ఏమీ తెలియదు.