అమ్మ గంటలు ఏ గడిలో రాయాలి?

కిందటేడు ఫిబ్రవరిలో రెండువందల పేజీల లాంగ్ నోట్‌బుక్ ఒకటి కొని, మొదటి పేజీలో ‘ఏడో తరగతి - ఇంటి చదువు’ అని రాసి కింద గీత గీశాను. మా అమ్మాయిని బడి మాన్పించాలని అప్పటికే నిర్ణయం అయిపోయింది. నెల తిరిగేసరికి పుస్తకం సగం నిండింది. ఏ వారం ఏ పాఠం, ఏ ప్రయోగం, ఎక్కడికి వెళ్ళి ఏం చూడాలి - అన్నీ గళ్ళు గీసి రాశాను. చూసిన స్నేహితురాళ్ళు మెచ్చుకున్నారు. వాళ్ళలో ఒకామె, స్త్రీవాద రచయిత్రే, “నీ డాక్టరేట్ ఇప్పటికి సార్థకమైంది” అంది. ఆమె ఏ చెడు ఉద్దేశంతోనూ అనలేదని నాకు తెలుసు. అందుకే ఆ మాట ఎక్కువ తగిలింది. ఈ వ్యాసం ఆమెకు జవాబు. అప్పుడు ఏమీ అనకుండా నవ్వి ఊరుకున్న నాకు కూడా.

ముందు బడి ఎందుకు మాన్పించామో చెప్పాలి. ఆ జనవరిలో లెక్కల టెస్టు మధ్యలో మా అమ్మాయికి మొదటిసారి బహిష్టు వచ్చింది. మూడుసార్లు లేచి బయటికి వెళ్తానని అడిగింది. టెస్టు అయ్యేదాకా ఎవరూ కదలకూడదన్నది అక్కడి నియమం. నలభై నిమిషాలు అలాగే కూర్చుంది. లేచాక వెనక బెంచీవాళ్ళు నవ్వారు. ఆ టీచరు స్త్రీయే. చాలీచాలని జీతం, నెత్తిమీద కెమెరా. ఆమె మీద నాకు కోపం ఎక్కువసేపు నిలవలేదు. మర్నాడు వెళ్ళి అడిగితే ప్రిన్సిపాల్ శాంతంగా అన్నమాట ఇది: “ఇవన్నీ తల్లి ముందే చెప్పి పంపించాలి కదండీ.” తప్పు బడిది, పాఠం చెప్పనిది తల్లి! అప్పుడు నాకు వచ్చిన ఆవేశంలో, ఇంక వీళ్ళకి నా బిడ్డని ఇవ్వను, నేనే చెప్పుకుంటాను అనుకున్నాను. ఆ ప్రిన్సిపాల్ చెప్పినదాన్నే నేను ఆచరణలో పెడుతున్నానని తట్టడానికి చాలా రోజులు పట్టింది.

నోట్‌బుక్ నింపడంలో సంతోషం లేదని అబద్ధం చెప్పను. సాంఘిక శాస్త్రానికి మూసీని తీసుకున్నాను. 1908 సెప్టెంబరు వరద, అఫ్జల్‌గంజ్‌లో ఎందరినో కొమ్మల మీద నిలబెట్టి కాపాడిన చింతచెట్టు, ఆ తర్వాత 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ ఎందుకు కట్టాల్సి వచ్చింది - నెల రోజుల పాఠం. చరిత్ర, భూగోళం, పౌరశాస్త్రం మూడూ ఒక్క నది ఒడ్డునే దొరికాయి. లెక్కల్లో ఘాతాంకాలకి మా అమ్మమ్మ కొలతలు పనికొచ్చాయి. రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచం. అంటే కుంచానికి పదహారు సోలలు, రెండు పక్కన నాలుగు ఘాతం. బడి వదిలేసిన మా అమ్మమ్మకి ఈ సంగతి తెలుసు, దాని పేరే తెలియదు. తెలుగుకి భండారు అచ్చమాంబ ‘ధనత్రయోదశి’ పెట్టాను. ముద్దుపళనిని మాత్రం పెట్టలేకపోయాను. పన్నెండేళ్ళ పిల్లకి ‘రాధికా సాంత్వనం’ చెప్పేంత ధైర్యం నా స్త్రీవాదానికి ఇంకా రాలేదు. పరీక్షల సంగతి పెద్ద చిక్కు కాదు. పద్నాలుగేళ్ళు నిండాక సార్వత్రిక విద్యాసంస్థలో పదో తరగతి రాయొచ్చు.

ఇదంతా అయ్యాక, పరిశోధకుల బుద్ధి ఊరుకోదు కనక, 2009 విద్యాహక్కు చట్టం తెరిచాను. దాని చివరి షెడ్యూలు చదివితే నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ఆరు నుంచి ఎనిమిది తరగతులకి ఏడాదికి 220 పనిదినాలు, 1000 బోధన గంటలు ఉండాలి. టీచరుకి వారానికి 45 గంటల పని, అందులో పాఠం తయారుచేసుకునే సమయం కూడా కలిసి ఉంటుంది. సైన్సు-లెక్కలకి ఒకరు, సాంఘికానికి ఒకరు, భాషలకి ఒకరు తప్పనిసరి. పిల్లలు వందకి మించితే చిత్రలేఖనం, వ్యాయామం, పనివిద్యలకి పార్ట్‌టైమ్ బోధకులు కూడా. 2020 జాతీయ విద్యావిధానం కూడా ఈ మధ్యమ దశలోనే సబ్జెక్టు టీచర్లు వస్తారంటుంది. అంటే పదకొండేళ్ళు దాటిన పిల్ల ఒక్క మనిషి చెయ్యి వదిలి నలుగురు పెద్దవాళ్ళ దగ్గరికి వెళ్ళాల్సిన వయసు ఇది. సరిగ్గా ఆ వయసులో నేను ఆ నలుగురినీ తీసేసి వాళ్ళ కుర్చీల్లో ఒక్కదాన్నే కూర్చుంటున్నాను.

అప్పుడు నా గంటలు లెక్కవేశాను. పాఠం చెప్పడానికి 24, తయారుకావడానికి 15, తిరగడానికీ సామాను సమకూర్చుకోడానికీ 5. మొత్తం వారానికి 44. చట్టం జీతమిచ్చి టీచరు చేత చేయించుకోమన్న 45కి ఒక్క గంట తక్కువ! అతిథి అధ్యాపకురాలిగా నేను డిగ్రీ కాలేజీలో చెప్పిన పాఠానికి గంటకింత అని లెక్కగట్టి ఇచ్చేవాళ్ళు. ఎంత తక్కువైనా అదొక లెక్క. నా నోట్‌బుక్‌లో పాఠానికి గడి ఉంది, పుస్తకానికి గడి ఉంది, మైక్రోస్కోపు ధరకి కూడా గడి ఉంది. నాకే లేదు. జాతీయ గణాంక కార్యాలయం కాల వినియోగ సర్వే ప్రకారం జీతంలేని ఇంటిపని చేసే స్త్రీలు 2019లో రోజుకి 299 నిమిషాలు, మగవాళ్ళు 97 నిమిషాలు దానికి వెచ్చించారు. 2024లో 289, 88. స్త్రీలకి అయిదేళ్ళలో తగ్గినది పది నిమిషాలు. మగవాళ్ళు కూడా తొమ్మిది నిమిషాలు తగ్గించుకున్నారు, వాళ్ళని మరచిపోకూడదు.

ఇంటి చదువు గురించిన రచనలు కనీసం ఇరవై చదివి ఉంటాను. వాటిలో ‘తల్లిదండ్రులు’ అని మొదలైన వాక్యం రెండో పేరాకి ‘తల్లి’ అయిపోతుంది, ఎవరూ గమనించరు. అన్నిటిలోనూ తప్పకుండా కనిపించే సలహా, వంటగదిని ప్రయోగశాలగా మార్చమని. దోసెల పిండి పులియడంలో జీవశాస్త్రం, పప్పు ఉడకడంలో భౌతికశాస్త్రం. మంచిదే. ఆ ప్రయోగశాలలో శాస్త్రవేత్త ఎప్పుడూ ఎవరు, ప్రయోగం అయ్యాక గిన్నెలు తోమేది ఎవరు? మనం రెండు తరాలుగా వంటగది గడప దాటడం గురించి కథలు, కవితలు రాసుకుంటున్నాం. ఇప్పుడు బీజగణితం పేరుతో కూతురిని వెంటబెట్టుకుని మళ్ళీ లోపలికి వెళ్తున్నామా?

ఈ ఆలోచనలకి మూలపురుషులూ మూలస్త్రీలూ ఎవరని చూస్తే ఇంకో వింత. 1886లో ‘హోమ్ ఎడ్యుకేషన్’ రాసి ఇవాళ్టి ఇంటిబడి తల్లులకి గురువైన షార్లెట్ మేసన్‌కి పెళ్ళీ పిల్లలూ లేరు. ఆమె ఆంబుల్‌సైడ్‌లో కాలేజీ పెట్టి జీతాలకి పనిచేసే గవర్నెస్‌లని తయారుచేసింది. 1977లో ‘గ్రోయింగ్ వితౌట్ స్కూలింగ్’ పత్రిక మొదలుపెట్టిన జాన్ హోల్ట్ కూడా బ్రహ్మచారే. పిల్లలు లేనివాళ్ళు పిల్లల గురించి రాయకూడదని కాదు. వాళ్ళ పథకాల్లో మధ్యాహ్నం అన్నం ఎవరు వండుతారన్న ప్రశ్న ఎందుకు బరువుగా లేదో దీన్నిబట్టి కొంత తెలుస్తుంది. ఇవాన్ ఇల్లిచ్‌ని మనవాళ్ళు 1971 నాటి ‘డీస్కూలింగ్ సొసైటీ’తోనే గుర్తుపెట్టుకున్నారు. పదేళ్ళ తర్వాత అదే మనిషి ‘షాడో వర్క్’ రాశాడు - జీతం పని నీడలో సాగే జీతంలేని చాకిరీ గురించి, అందులో ఇంటిపని గురించీ. (1982లో ‘జెండర్’ రాసి స్త్రీవాదులతో చీవాట్లు తిన్నాడు, అది వేరే కథ.) బడి వద్దనే మగ మేధావులు మొదటి పుస్తకం దగ్గరే ఆగిపోవడం వాళ్ళకి సుఖంగా ఉంటుంది.

నా పరిశోధన ఇరవయ్యో శతాబ్దం తొలి దశకాల తెలుగు స్త్రీల పత్రికల మీద. 1902లో మొదలైన ‘హిందూ సుందరి’, 1928లో వచ్చిన ‘గృహలక్ష్మి’ - వీటి పేజీల్లో విద్యావతి అయిన తల్లి ఎలా తయారైందో నాలుగేళ్ళు కూర్చుని రాశాను. స్త్రీకి చదువెందుకు? బిడ్డల్ని బాగా పెంచడానికి. సంస్కర్తలు చదువుకి అనుమతి సంపాదించిన వాదం ఇది. అచ్చమాంబ లాంటివాళ్ళు ఆ వాదాన్ని వాకిలిగా వాడుకుని బయటికి నడిచారు. ఆమె బడికి వెళ్ళలేదు. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు చదువుకుంటుంటే ఇంట్లోనే నేర్చుకుంది. ఆ చదువుతో ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ రాసింది, 1902లో మచిలీపట్నంలో స్త్రీల సమాజం పెట్టింది, 1905లో ముప్ఫై ఏళ్ళకే పోయింది. ఆమెకి ఇంటి చదువు గత్యంతరం లేక దొరికింది. దొరికిన క్షణం నుంచి ఆమె ముఖం వీధి వైపే ఉంది. నూరేళ్ళ తర్వాత, ఆమె మీద డాక్టరేట్ చేసిన నేను, ఆమె కథని పాఠంగా పెట్టుకుని తలుపు లోపలివైపు నుంచి వేసుకుంటున్నాను. “నీ డాక్టరేట్ సార్థకమైంది” అన్న మాట ‘గృహలక్ష్మి’లో అచ్చయి ఉంటే నా సిద్ధాంత గ్రంథంలో మూడో అధ్యాయంలో దాన్ని విమర్శించి ఉండేదాన్ని.

మా ఇంట్లో పనిచేసే ఆమెకి మా నిర్ణయం అర్థం కాలేదు. ఆమె కూతురు నాగర్‌కర్నూల్ దగ్గర కస్తూర్బా బాలికా విద్యాలయంలో ఏడో తరగతి. “ఇంట్ల ఉంటె ఇగ సదివినట్టే మేడం. బాసన్లు తోముతది, తమ్ముణ్ణి ఎత్తుకుంటది. ఆడున్నదంటే బుక్కు పట్కుంటది” అంది. 2004లో ఆ విద్యాలయాలు మొదలుపెట్టిందే ఇందుకు - దళిత, ఆదివాసీ, వెనుకబడిన, మైనారిటీ కులాల, వర్గాల ఆడపిల్లలు సరిగ్గా ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల్లో ఇంటిపనికీ పెళ్ళికీ జారిపోతున్నారని, వాళ్ళని ఇంటినుంచి బయటికి తెచ్చి చదివించాలని. ఆమె కూతురికి ఏ వయసులో ఇల్లు ప్రమాదమో, నా కూతురికి అదే వయసులో ఇల్లు ప్రత్యామ్నాయ విద్య! ఈ తేడా నా కులానిది, మా ఇంటికొచ్చే జీతానిది. నా బోధనాపద్ధతి గొప్పదనం ఇందులో ఏమీ లేదు.

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. కులం పేరుతో బడిలో రోజూ అవమానపడే బిడ్డని, వైకల్యం ఉందని వెనక బెంచీలో వదిలేసిన బిడ్డని తల్లి ఇంటికి తెచ్చుకుంటే, తిరిగి పంపమనే హక్కు నాకు లేదు. నా తగువు వాళ్ళతో కాదు. బడి చేసిన తప్పుని దిద్దే పనంతా జీతం లేకుండా తల్లి మీద పడటాన్ని ‘స్వేచ్ఛ’ అని పిలిచే మనలాంటి చదువుకున్న ఆడవాళ్ళతో. మనం ఒక్కొక్కరం మన పిల్లల్ని తీసుకుని వచ్చేస్తే ఆ టెస్టు నియమం అలాగే ఉంటుంది. మరో పిల్ల నలభై నిమిషాలు కూర్చుంటుంది.

వీటన్నిటికన్నా నన్ను గట్టిగా ఆపింది మా అమ్మాయే. ఏప్రిల్‌లో ఒక రాత్రి టైమ్‌టేబుల్ చదివి వినిపిస్తుంటే అడిగింది: “అమ్మా, బడిలో టీచర్ కోప్పడితే నీకు చెప్పుకున్నా. ఇంట్లో నువ్వే టీచర్‌వి అయితే నేను ఎవరికి చెప్పుకోవాలి?” నా దగ్గర జవాబు లేదు. “నాన్నకి” అన్నాను. అది జవాబు కాదని మా ముగ్గురికీ తెలుసు.

ఆ తర్వాత నోట్‌బుక్‌లో ప్రతి పేజీలోనూ ‘ఎవరు’ అని ఇంకో గడి గీశాను. ఒక్క ఏడాదే, అదీ ఈ గడి నిండితేనే అన్నాను. నా సహచరుడు అభ్యుదయవాది. “నువ్వైతే బాగా చెప్తావు కదా, నేను ఆదివారాలు నక్షత్రాలు చూపిస్తాను” అన్నాడు. నక్షత్రాలు సరే, లెక్కలూ సైన్సూ వారానికి 15 గంటలు నీవి అన్నాను. సాయంత్రాలు త్వరగా వస్తానని ఆఫీసులో అడగడానికి నెలంతా మొహమాటపడ్డాడు. నేను రెండేళ్ళ ఫెలోషిప్‌కి దరఖాస్తు మానేస్తానంటే మాత్రం మా ఇంట్లో ఎవరికీ, నాకు కూడా, మొహమాటం కలగలేదు. దరఖాస్తు చివరికి పంపాను. ఫెలోషిప్ రాలేదు గాని పంపాను.

రెండో పని, బడికి తిరిగి వెళ్ళడం. ఇంకో నలుగురు తల్లుల్ని కలుపుకుని రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చాను. అందులో ఇద్దరు మధ్యలో తప్పుకున్నారు, ఫీజు రాయితీలు పోతాయని. అయిదు నెలలు తిరిగాం. టెస్టు మధ్యలోనైనా పిల్లల్ని బయటికి పంపాలని, ఆడపిల్లల బాత్రూముల్లో ప్యాడ్లు ఉంచాలని సర్క్యులర్ వచ్చింది. రెండు వాక్యాలు. మూసీ మీద నేను తయారుచేసిన నెల రోజుల పాఠం ఒక్క పిల్లకి. ఈ రెండు వాక్యాలు ఆ బడిలోని ఆడపిల్లలందరికీ.

మా అమ్మాయి ఆ ఏడాది నిద్ర పోయింది, తిన్నది, కుంచానికి ఎన్ని సోలలో ఎప్పటికీ మరచిపోదు. స్నేహితులు లేరని ఏడ్చింది కూడా. ఈ జూన్‌లో ఇంటికి నడిచి వెళ్ళే దూరంలో ఉన్న ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో ఎనిమిదో తరగతిలో చేరింది. అక్కడ సైన్సు టీచరు పోస్టు ఖాళీ. ఆ సంగతి మీద ఇప్పుడు మండల విద్యాధికారి ఆఫీసు చుట్టూ తిరుగుతున్నాను.

నోట్‌బుక్ చివరి పేజీలో ఏడాది మొత్తం కూడాను. నావి 1180 గంటలు, నా సహచరుడివి 212. లెక్క తప్పంటున్నాడు. నక్షత్రాలు చూపించిన రాత్రులు కలపలేదట. కలిపాను. అవి తొమ్మిది గంటలు.