వాసన లేని ప్రమాదము

ఖరగ్‌పూర్ రైల్వే పట్టణమున మన తెలుగువారు తరతరాలుగా ఉన్నారు. ఆ ఊరి ఐఐటీలో క్రయోజెనిక్ ఇంజనీరింగ్ కేంద్రమూ ఉన్నది. ద్రవ నైట్రోజన్ అచట క్రొత్త వస్తువు కాదు.

మైనస్ 196 డిగ్రీల ఆ ద్రవము ఒంటిపై పడిన బొబ్బలెక్కునని ఎల్లరెరుగుదురు. ఎరుగవలసినది వేరొకటి. ఒక్క లీటరు ఆవిరియై సుమారు 700 లీటర్ల వాయువగును. రంగు లేదు, వాసన లేదు. మూసిన గదిలో ప్రాణవాయువును నెట్టివేయును. ఊపిరాడుట లేదని తెలియకమునుపే మనిషి కూలిపోవును. 2021 జనవరి 28న అమెరికాలోని జార్జియా రాష్ట్రమున ఒక కోడిమాంసపు ఫ్యాక్టరీలో ఆరుగురు కార్మికులు ఇట్లే మరణించిరి.

తోటివాడు పడినచో లోనికి దూకుట మన కార్మికుల స్వభావము. ఇక్కడ అదే రెండవ ప్రాణమును తీయును. శ్వాసపరికరము లేనిదే అడుగిడరాదు. బిగిమూత పాత్రలో నింపిన ద్రవము పేలును; అట్టి పార్సెలును కౌంటరు వద్దనే నిరాకరింపవలెను. ఆక్సిజన్ కొలుచు పరికరము, గాలి వెలుపలికి పోవు ఏర్పాటు లేని గదిలోనికి, కంట్రాక్టు కార్మికునినైనను సరే, ఏ యాజమాన్యమూ పంపరాదు.