బాప్తిస్మపు రిజిస్టర్లు ఎవరిని పట్టించాయి?

పాతబస్తీకి వెళ్లి చార్మినార్ చూసి, మక్కా మసీదు ముందు పావురాలకు గింజలు వేసి వచ్చే మనలో చాలామందికి ఈ నగరంలో పనిచేసిన ఒక రబ్బీ మనుమడి సంగతి తెలియదు. నిజాం పోషణలో 1927లో 'ఇస్లామిక్ కల్చర్' అనే ఇంగ్లీషు పత్రిక హైదరాబాదులో మొదలైంది. తొలి సంపాదకుడు మార్మడ్యూక్ పిక్తాల్, ఆంగ్లికన్ పాదిరి కుమారుడు. ఆయన తర్వాత ఆ కుర్చీలో కూర్చున్నది ముహమ్మద్ అసద్. పుట్టింది యూదుల ఇంట, 1900లో. అప్పటి పేరు లియోపోల్డ్ వైస్. 1926లో ఇస్లాం స్వీకరించాడు. 1939లో యుద్ధం రాగానే ఆస్ట్రియా వాడని బ్రిటిష్ వారు ఆయనను ఇండియాలోనే నిర్బంధించారు. 1942లో ఆయన తండ్రినీ సోదరినీ నాజీలు వియన్నా నుంచి తరలించారు. వారిద్దరూ తిరిగి రాలేదు.

అలా చనిపోయిన యూదులు దాదాపు 60 లక్షలు. చంపినవారిలో ఎక్కువమంది బాప్తిస్మం పొందినవారే. ఇది ఎలా జరిగింది?

చరిత్రకారులు చాలాకాలం రెండు పక్షాలుగా వాదించుకున్నారు. హిట్లర్ మనసులో మొదటినుంచీ ఇదే ఉందన్నారు లూసీ డావిడోవిచ్ వంటివారు. ముందే వేసుకున్న పథకమేదీ లేదు, ఒకరిని మించి ఒకరు అధికారులు పోటీపడి, యుద్ధం ముదిరేకొద్దీ ఒక్కో మెట్టు దిగారన్నారు హాన్స్ మోమ్సెన్ వంటివారు. ఇప్పుడు చాలామంది రెండింటిలోనూ నిజముందంటారు. మనకు గుచ్చుకునే మాట మాత్రం రౌల్ హిల్బర్గ్‌ది. నాజీలు కొత్తగా కనిపెట్టింది తక్కువని ఆయన 1961లోనే చూపించాడు. యూదులు వేరే దుస్తులు ధరించాలని 1215లో ఆజ్ఞాపించింది సంఘపు మహాసభ. వారి సమాజమందిరాలు తగలబెట్టమని 1543లో రాసింది మార్టిన్ లూథర్. మనం గౌరవించే లూథరే!

అయితే సంఘమే గ్యాస్ గదులు కట్టిందని ఏ చరిత్రకారుడూ అనడు. నాజీలకు విశ్వాసంతో పనిలేదు, రక్తంతోనే పని. 1935 చట్టం ప్రకారం తాతలు, అవ్వలు నలుగురిలో ముగ్గురు యూదులైతే, బాప్తిస్మం పొందిన మనిషి కూడా యూదుడే. మరి తాత ఎవరో తేలేది ఎలా? జర్మనీ అంతటా ప్రభుత్వ జనన రిజిస్టర్లు వచ్చింది 1876లో. అంతకుముందు పుట్టినవారికి ఆధారం చర్చిలోని బాప్తిస్మపు పుస్తకమే. పాదిరులు, గుమాస్తాలు పాత పుటలు తిరగేసి సర్టిఫికెట్లు రాసిచ్చారు. బెర్లిన్‌లో 1936లో ఈ పనికోసమే ఒక సంఘ కార్యాలయం తెరిచారు. ప్రభువు నామమున స్వీకరించామని ఒకనాడు రాసుకున్న పేరే, ఆ మనిషి మనవలను పట్టించింది. అలా రాసిచ్చినవారిలో ఎందరో కత్తి పట్టి ఎరుగరు. అడిగిన కాగితం ఇచ్చారు, అంతే.

బాప్తిస్మం ఇచ్చాక కూడా తాతది ఏ కులమని ఆరా తీసే అలవాటు మన సంఘాలకు కొత్త కాదు గనుక, ఈ సంగతి మనకు అర్థం కాదనలేం.

ఇక పాతబస్తీ సంగతి. 1990 డిసెంబరు అల్లర్లలో హైదరాబాదులో వందమందికి పైగా చనిపోయారు. జర్మనీలో జరిగినదీ ఇదీ ఒకటి కావు. ఇక్కడ రెండు వైపులా శవాలున్నాయి. అయినా సుధీర్ కాకర్ పాతబస్తీ మనుషులతో మాట్లాడి 1996లో రాసిన పుస్తకం చదివితే, పొరుగువాడు 'వాళ్లు'గా మారే దారి ఎంత పొట్టిదో తెలుస్తుంది. మొదట మాట, తర్వాత పుకారు.

మన మాటల సంగతేమిటి? గుడ్ ఫ్రైడే ప్రసంగాల్లో 'యూదులు ప్రభువును చంపారు' అని మనం అలవోకగా అంటాం. మత్తయి 27వ అధ్యాయంలో ఒక ఉదయం పిలాతు ఎదుట కేకలు వేసిన గుంపు మాటను ఒక జాతి మొత్తానికి, తరతరాలకూ అంటగడతాం. మరియ యూదురాలు, పేతురు యూదుడు, ప్రభువు ఎనిమిదవ దినమున సున్నతి పొందిన యూదుడు. అడవి కొమ్మవైన నువ్వు ఒలీవ చెట్టు మీద అతిశయించకు అనే అర్థంతో పౌలు రోమా సంఘాన్ని హెచ్చరించాడు. ఆ 11వ అధ్యాయం మీద మనం విన్న ప్రసంగాలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

మన చర్చిల్లో విశ్వాస ప్రమాణం చెబుతాం. ప్రభువు శ్రమను గురించిన మాట దగ్గర అందులో పలికే పేరు ఒక్కటే, పొంతి పిలాతుది. అతడు రోమా ప్రభుత్వపు అధికారి. యూదులన్న మాటే అక్కడ లేదు.